గీసినోడు ఒకడు.. గీత మీద బతికేటోడు ఇంకొకడు

ఓ ఏడు శివరాత్రి జాతరలో వేములవాడ ధర్మగుండం మెట్ల మీద మాకో ముసలవ్వ కలిసింది. కోడె మొక్కు తీర్చుకుందామని కొడుకును, కోడలును, మనుమలను ఎంటబెట్టుకొని వచ్చింది. మాట చూస్తే మన మాటే, నడుమ నడుమ మరాఠీ తగులుతున్నది. ఏ ఊరవ్వా అని అడిగితే రాజురా దిక్కు అన్నది. అది మహారాష్ట్ర గదా అంటే నవ్వింది. "నేను పుట్టిన్నాడు మాది ఆదిలాబాద్ జిల్లానే బిడ్డా. నేను యాడికి పోలే. ఉన్నకాడనే ఉన్న. జిల్లానే నన్ను ఇడిసిపెట్టి పోయింది" అన్నది.

ఆ మాట మా మనసులోంచి ఇయ్యాల్టిదాంక పోలేదు. ఎందుకంటె మేము రాష్ట్రం కోసం కొట్లాడినోళ్లం. 2011లో 42 రోజుల సకల జనుల సమ్మె నడిచినప్పుడు డిగ్రీ పట్టాలు ఇంట్లో పెట్టి రోడ్డు మీద కూసున్నోళ్లం. వంటావార్పు చేసినం, రాస్తారోకో చేసినం, రైలు పట్టాల మీద పండుకున్నం. విడిపోతం అన్నం. విడిపోయినంక గీత యాడ పడ్తది, ఆ గీత మీద ఇల్లున్నోని గతేంది అని మాత్రం ఎన్నడన్న అడిగినమా? అడుగలేదు. నీళ్లు, నిధులు, నియామకాలు అన్నం గాని ఎల్లల ముచ్చట ఎత్తలేదు. రాష్ట్రం వచ్చి పదేండ్లు దాటింది. ఇప్పుడన్న ఆ లెక్క విప్పకపోతే మేము కొట్లాడినోళ్లమని చెప్పుకునుడు దండుగ.

వీసా కత ఏమైంది?

ముందుగాల మనల్ని బెదిరించినోళ్ల లెక్క తేలుద్దాం. 2009 ఎన్నికల్లో తెలంగాణలో పోలింగ్ అయిపోయిందో లేదో, నంద్యాల సభలో అప్పటి ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి హైదరాబాద్‌కు పోవాలంటే వీసా కావాల్సి వస్తదన్న మాట అన్నడు. ఆ ఒక్క మాట పట్టుకొని సమైక్యవాదులు ఎన్ని కతలు అల్లిండ్రు! రాష్ట్రం విడిపోతే పాకిస్తాన్ బార్డర్ అయితదన్నరు. ఆంధ్ర నుంచి వచ్చిన పిల్లలకు చదువుండదు, కొలువుండదు, ఇల్లుండదన్నరు.

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. విజయవాడ బస్సు ఎక్కినోడు టికెట్ తప్ప ఇంకో కాయితం చూపెట్టిండా? పదేండ్ల ఉమ్మడి రాజధాని గడువు 2024 జూన్ 2న ముగిసింది. ఆ తెల్లారి కూకట్‌పల్లిలో ఎవరింటి ముందటన్న గోడ లేచిందా? అంతకుముందు 2000 సంవత్సరం నవంబర్‌లోనే ఛత్తీస్‌గఢ్, ఉత్తరాఖండ్, జార్ఖండ్ మూడూ విడిపోయినయి. రాయ్‌పూర్ నుంచి భోపాల్ పోయెటోణ్ని ఎవడన్న వీసా అడిగిండా? బెదిరించినోళ్లు ఒక్కడన్న ముందటికి వచ్చి తప్పయిందని చెప్పిండా?

చెప్పలేదు, చెప్పరు. సరే, వాళ్ల అబద్ధం తేలిపోయింది. కని దాంతోని మన పని అయిపోయిందనుకుంటే మనల్ని మనమే మోసం చేసుకున్నట్టు. ఎందుకంటె సరిహద్దు మీద కొట్లాట రానే వచ్చింది. హైదరాబాద్‌లో రాలేదు, గీత మీద వచ్చింది. విడిపోవుడు తప్పయి రాలేదు. గీత మీద ఉన్నోణ్ని అడుగకుండ గీత గీసినకాడ వచ్చింది, వాణ్ని మరిచిపోయినకాడ వచ్చింది. ఇది మా మాట. ఒక్కొక్కటి ఎత్తి చూపెడ్తం, చదివి మీరే చెప్పుండ్రి.

పుట్టకముందే నరికిన చెయ్యి

2014 ఏప్రిల్ 30న ఖమ్మం జిల్లాలో ఓట్లు పడ్డయి. కుకునూరు, వేలేరుపాడు, చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, బూర్గంపాడు, భద్రాచలం మండలాల కోయోళ్లు, కొండరెడ్లు, అందరు లైన్లో నిలబడి తెలంగాణ శాసనసభకు ఓటేసిండ్రు. నెల తిరగకముందే, మే 29న, ఢిల్లీలో ఆర్డినెన్స్ వచ్చింది. ఆ ఓటేసిన ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌కు పోయినయి. తెలంగాణ పుట్టేటందుకు ఇంక నాలుగు దినాలు ఉన్నది. పుట్టని బిడ్డ చెయ్యి నరికినట్టు! జూలైలో పార్లమెంటు దాన్ని చట్టం చేసింది. భద్రాచలం పట్నం ఇటు, దాని చుట్టున్న ఊళ్లు అటు. బూర్గంపాడు మండలం కొంత ఇటు, కొంత అటు. 460 మెగావాట్ల దిగువ సీలేరు కరెంటు గూడ ఆ మండలాల ఎంబడే పోయింది.

దీనికి చెప్పిన కారణం ఏంది? పోలవరం. ముంపు ఊళ్లు ఒక్క రాష్ట్రంలో ఉంటే పునరావాసం అలుకగ అయితదట! అట్లనా? మరి పోలవరం నీళ్లు ఒడిశా మల్కన్‌గిరి జిల్లాలో, ఛత్తీస్‌గఢ్ సుక్మా జిల్లాలో గూడ మునుగుతయి గదా. ఆ ఊళ్లను తెచ్చి ఆంధ్రలో కలిపిండ్రా? ఒడిశా సుప్రీంకోర్టుకు పోయి కొట్లాడింది. దాని ఊరిని దానికాన్నుంచి ఎవడన్న గుంజుకున్నడా? కొత్తగ పుట్టే రాష్ట్రం, ఇంక గొంతు రాని రాష్ట్రం, అందుకే మన మీద కత్తి లేచింది.

ఇంకో వాదం చెప్తరు. భద్రాచలం దిక్కు ఊళ్లు 1959దాంక తూర్పు గోదావరి జిల్లాలోనే ఉండె, మావి మేము తీసుకున్నం అంటరు. భద్రాచలం వరకు ఆ మాట నిజమే, కాదనం. మరి బూర్గంపాడు, కుకునూరు, వేలేరుపాడు సంగతేంది? అవి గోదావరికి ఇవతలి ఒడ్డున నిజాం రాజ్యంలో ఉన్న ఊళ్లు గదా. చరిత్ర కావాలంటే పూర్తిగ చదువాలె, కావాల్సిన పేజీ చింపుకొని సదివితే ఎట్ల? అసలు మేము చరిత్ర ముచ్చట పక్కకు పెడ్తున్నం. చోళులు, కాకతీయులు, బ్రిటిషోళ్లు, నిజాం, ఎవని కాలంలో ఏ ఊరు ఎవనిది అని తీస్తే ఎల్లలు తెల్లారేసరికి మారుతయి. అడుగాల్సింది ఒక్కటే. ఆ ఊళ్లలో బతికేటోడు ఏమన్నడు?

వాణ్ని ఎవడు అడిగిండు? అది షెడ్యూల్డ్ ఏరియా. 1996లో వచ్చిన పెసా చట్టం ప్రకారం అక్కడ భూమి తీసుకోవాలన్నా గ్రామసభను సంప్రదించాలె. ఒక ఎకరం తీసుకునేటందుకు గ్రామసభ కావాలె గాని, ఏడు మండలాలను రాష్ట్రం మార్చేటందుకు గ్రామసభ వద్దా?

ఇయ్యాల భద్రాచలం పోయి చూడుండ్రి. ఏటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు. ఈ అయిదు ఊళ్లు భద్రాద్రి రాముని గుడికి కూతవేటు దూరంలో ఉన్నయి. దేవుడు తెలంగాణలో, దేవుని మాన్యం పురుషోత్తపట్నంలో, అంటే ఆంధ్రలో. భద్రాచలం నుంచి దుమ్ముగూడెం, చర్ల పోయే తొవ్వ తెలంగాణలో మొదలై, ఆంధ్రలోకి పోయి, మళ్ల తెలంగాణలోకి వస్తది. పట్నం చెత్త పోసేటందుకు జాగ దొరుకక పంచాయతీ తలపట్టుకున్నది, చుట్టు ఉన్నదంత పక్క రాష్ట్రం. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ కొత్త జిల్లాలు చేసినప్పుడు ఏటపాకోని జిల్లా కేంద్రం పాడేరు అయింది. కండ్ల ముందట భద్రాచలం ఆస్పత్రి, కలెక్టర్ కావాలంటే అప్పుడు పాడేరు కొండలెక్కాల్సి వచ్చె! అదే ఏడు జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది. అటు మునిగినోడూ ఇటు మునిగినోడూ ఒకే కట్ట మీదికి ఉరికిండ్రు. వరదకు రాష్ట్రం తెల్వది, సాయం పంచెటోనికి మాత్రం తెలుసు.

ఆ వరదలప్పుడు అయిదు ఊళ్లు మాకియ్యాలని హైదరాబాద్‌లో మంత్రి మాట్లాడిండు. 2024 జూలైలో ఇద్దరు ముఖ్యమంత్రులు హైదరాబాద్‌లో కూసున్నప్పుడు మళ్ల అయిదు ఊళ్ల పేర్లు పత్రికల్లో మోగినయి. ఆ తర్వాత? మళ్ల వరదొచ్చినప్పుడు గుర్తుచేస్తరేమో!

పన్నెండు ఊళ్ల కోసం చచ్చిన గడ్డ మీద

ఇప్పుడు మా ఉత్తరం దిక్కుకు రండి. ముసలవ్వ ముచ్చట ఇక్కడిదే.

1956లో హైదరాబాద్ రాష్ట్రాన్ని మూడు ముక్కలు చేసిండ్రు. మరాఠ్వాడ బొంబాయికి, కన్నడ జిల్లాలు మైసూరుకు, మనం ఆంధ్రకు. ఆదిలాబాద్ జిల్లా నుంచి రాజురా తాలూకా, కిన్వట్ తాలూకా, బోథ్ తాలూకాలోని ఇస్లాపూర్ సర్కిల్ అటు పోయినయి. నాందేడ్ జిల్లా నుంచి ముధోల్, భైంసా, కుబీర్ సర్కిళ్లు ఇటు వచ్చినయి. భాష చూసి గీసినమన్నరు. మరి గోండి మాట్లాడేటోని భాష ఎవరు చూసిండ్రు? తెలుగోనికి ఒక రాష్ట్రం, మరాఠోనికి ఒక రాష్ట్రం, నడుమ గోండుల అడవి రెండు చెక్కలు. కేస్లాపూర్ నాగోబాకు మెస్రం వంశపోళ్లు ఇప్పటికీ ఆ దిక్కు నుంచీ ఈ దిక్కు నుంచీ వస్తరు. నాగోబా వాళ్లను విడదీయలేదు. విడదీసింది కాయితం.

ఆ కాయితం సరిగ్గ గీయకపోతే ఏమైతదో కెరమెరి మండలం పోయి చూడాలె. పరందోళి, అంతాపూర్, ముకదంగూడ, మహారాజ్‌గూడ, భోలాపటార్, ఇట్ల పద్నాలుగు ఊళ్లు. తెలంగాణ మావంటది, మహారాష్ట్ర మావంటది. ఒకే ఊళ్లో రెండు బడులు, ఒకటి తెలుగు, ఒకటి మరాఠీ. ఒకే ఇంట్లో రెండు రేషన్ కార్డులు, రెండు ఓటరు కార్డులు. ఇద్దరు సర్పంచులు. 2024 పార్లమెంటు ఎన్నికల్లో చంద్రపూర్‌కు ఏప్రిల్ 19న పోలింగ్, ఆదిలాబాద్‌కు మే 13న. ఒక్క ఊరు, రెండు ఎన్నికలు!

పట్నంలో ఉన్నోళ్లు ఇది విని నవ్వుతరు. రెండు దిక్కుల తింటున్నరు, వాళ్లకేంది తక్కువ అంటరు. అయ్యా, రెండు కార్డులున్నోనికి ఒక్క పట్టా లేదు. తాతల కాలం నుంచి దున్నుతున్న భూమికి కాయితం అడిగితే ఇటోడు అటు చూపెడ్తడు, అటోడు ఇటు చూపెడ్తడు. పట్టా లేనోనికి బ్యాంకు అప్పు పుట్టదు. భూమి పంచాయతి వస్తే ఏ రాష్ట్రం కచేరికి పోవాల్నో తెల్వదు. రెండు పెండ్లాల మొగడు ఆకలితోని పండుకున్నట్టు ఉన్నది వాళ్ల బతుకు. 2025 జూలైలో మహారాష్ట్ర మంత్రి ఆ పద్నాలుగు ఊళ్లను మా రాష్ట్రంలో కలుపుకుంటమని ప్రకటించిండు. ఇక్కణ్నుంచి కొందరు లేచి అవి మావి అన్నరు. ఇద్దరిలో ఒక్కడన్న పరందోళిలో గ్రామసభ పెట్టి, మీరు యాడ ఉంటరు అని అడిగిండా?

జోడేఘాట్ అదే కెరమెరి మండలంలో ఉన్నది. 1940లో కుమ్రం భీం తన ప్రాణం ఇచ్చిన జాగ అది. భీం అడిగింది ఏంది? పన్నెండు ఊళ్ల మీద గోండుల అధికారం. ఆయన రక్తం పడ్డ మండలంలోనే, ఎనభై ఏండ్లు దాటినంక గూడ, ఊళ్ల మాట ఊళ్లోళ్లను అడుగుతలేరు. జిల్లాకు భీం పేరు పెట్టినం, దండలేస్తున్నం. ఆయన అడిగింది మాత్రం ఇస్తలేం.

దీనికి తిరుగుడు ముచ్చట గూడ ఉన్నది. 2018లో నాందేడ్ జిల్లా ధర్మాబాద్ తాలూకాలో దాదాపు నలభై ఊళ్లోళ్లు మమ్ముల తెలంగాణలో కలుపుండ్రని లేచిండ్రు. ఎందుకు? అవతలి ఒడ్డున రైతుబంధు, పింఛన్లు కనబడ్డయి. అంటే సరిహద్దోడు జెండా చూడడు, పక్క ఊరోని పొయ్యి చూస్తడు. మంచి జరిగితే తనంతట తానే మన దిక్కు వస్తనంటడు. మేము అది చూసి ఛాతి ఇరుసుకున్నం. కని ఒకటి మరువద్దు. ఇయ్యాల మన దిక్కు చూసినోడు, రేపు మనం చెడగొట్టుకుంటే అటు చూస్తడు.

మన చేతులు గూడ సాఫ్ లేవు

ఇప్పుడు కొందరికి కోపం తెప్పించే మాట రాస్తం. తప్పదు.

2021 మేలో కరోనా రెండో అల మీదపడ్డది. కర్నూలు దిక్కు నుంచి, విజయవాడ దిక్కు నుంచి అంబులెన్సులు హైదరాబాద్‌కు ఉరికినయి. మన ప్రభుత్వం, మేము కొట్లాడి తెచ్చుకున్న ప్రభుత్వం, వాటిని సరిహద్దులో ఆపింది. ఆస్పత్రిలో మంచం ఉన్నదని కాయితం చూపెట్టాలన్నది. అలంపూర్ దగ్గరి పుల్లూరు టోల్‌గేటు కాడ అంబులెన్సుల్లోనే ఇద్దరు చనిపోయిండ్రని అప్పటి పత్రికలు రాసినయి. హైకోర్టు అడ్డం పడి ఆ ఉత్తర్వును నిలిపేసేదాంక అదే నడిచింది.

మేము అడుగుతున్నం, ఇందుకా మేము పట్టాల మీద పండుకున్నది? వీసా అడుగుతరని బెదిరించినోళ్లను అబద్ధాలకోరులని తిట్టినం. ఊపిరి అందనోని దగ్గర కాయితం అడిగినప్పుడు వాళ్ల అబద్ధాన్ని మన చేతుల్తోని నిజం చేసినట్టు కాలేదా? ఏడాది ముందు, 2020 మార్చి లాక్‌డౌన్‌లో, గరికపాడు చెక్‌పోస్టు కాడ ఆంధ్ర పోలీసులు హైదరాబాద్ నుంచి పోయే వాళ్ల పిల్లలనే ఆపిండ్రు. ఆడపిల్లలు రాత్రి రోడ్డు మీద కూసున్నరు. వాళ్లు తమ బిడ్డలను ఆపిండ్రు గాబట్టి మనం వాళ్ల రోగులను ఆపుతమా? అదేం లెక్క!

అట్లనే నాగార్జునసాగర్. 2023 నవంబర్ 30, తెలంగాణలో ఓట్లు పడే దినం. తెల్లారకముందే ఆంధ్ర పోలీసులు డ్యాం మీదికి వచ్చి, ఇరవై ఆరు గేట్లలో పదమూడో గేటు కాడ ముండ్ల కంచె పెట్టిండ్రు. కుడి కాలువకు నీళ్లు ఇడిసిండ్రు. 2015లో గూడ అదే డ్యాం మీద రెండు రాష్ట్రాల పోలీసులు లాఠీలు ఎత్తుకున్నరు. ఆఖరికి కేంద్ర బలగాలు వచ్చి నడుమ నిలబడ్డయి.

సాగర్ చరిత్ర తెలిసినోనికి ఇది చూస్తే సిగ్గనిపిస్తది. నెహ్రూ ఆ డ్యాంకు పునాది రాయి వేసింది 1955 డిసెంబర్ 10న. అప్పటికి ఆంధ్రప్రదేశ్ లేనే లేదు. హైదరాబాద్ వేరే రాష్ట్రం, ఆంధ్ర వేరే రాష్ట్రం. వేర్వేరుగ ఉండి ఒక్క డ్యాం మొదలుపెట్టిండ్రు. నడుమ దోస్తులం, అన్నదమ్ములం అనుకుంట యాభై ఎనిమిదేండ్లు కలిసి ఉన్నరు. విడిపోయినంక కంచె వేసుకున్నరు. అంటే వేరుండుడు తప్పు కాదు. వేరుండి కలిసి బతికే తెలివి వాళ్లకు అప్పుడు ఉండె, వీళ్లకు ఇప్పుడు లేకపోయె.

మిడ్ మానేరు నీళ్లు యాడివి?

సరిహద్దు ముచ్చట భద్రాచలందో కెరమెరిదో, మాకేంది అనే వేములవాడోళ్లు గూడ ఉన్నరు. మీ ఊరి ముందటి మిడ్ మానేరునే అడుగుండ్రి. చీర్లవంచ, కొదురుపాక, రుద్రవరం, ఇంక ఎన్నో ఊళ్లు ఆ రిజర్వాయర్ కింద మునిగినయి. మావోళ్లు ఇండ్లు, చెలకలు, సమాధులు గూడ ఇడిసి వచ్చిండ్రు. దాంట్లోకి నీళ్లు యాడికెల్లి రావాలని ప్లాన్ వేసిండ్రు? మేడిగడ్డ నుంచి. మేడిగడ్డ యాడ ఉన్నది? ఒక కాలు భూపాలపల్లి జిల్లాలో, ఇంకో కాలు మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలో.

2016 ఆగస్టు 23న ముంబైలో ఇద్దరు ముఖ్యమంత్రులు సంతకాలు చేసిండ్రు. మేడిగడ్డ నూరు మీటర్లు, తుమ్మిడిహట్టి 148 మీటర్లు అని ఒప్పుకున్నరు. సంతకం వరకు మంచిదే, కొట్లాడుడు కంటె కూసొని మాట్లాడుడు మేలు. 2019 జూన్ 21న బ్యారేజీ తెరిచిండ్రు, మూడు రాష్ట్రాల ముఖ్యమంత్రులు వచ్చిండ్రు. 2023 అక్టోబర్ 21న పియర్లు కుంగినయి. మిడ్ మానేరు కోసం ఇల్లు ఇడిసినోడు ఇటు మోసపోయిండు. వెనుక నీళ్లతోని చెలక మునిగిన సిరొంచ రైతు పరిహారం కోసం అటు దీక్షలో కూసున్నడు. చీర్లవంచోడు, సిరొంచోడు ఇద్దరు ఒక్కటే గతిలో ఉన్నరు. సంతకం చేసేనాడు ఇద్దరిలో ఒక్కణ్ని గూడ ఎవడూ పిలువలేదు.

సిరొంచలో తెలుగు ఇనబడ్తది. సిరొంచోడు గోదావరి దాటి కాళేశ్వరం వస్తడు, అక్కణ్నుంచి మా రాజన్న కాడికి వస్తడు. వాడు మనకు పరాయోడా? వాని చెలక మునిగితే అది మనకు పట్టని ముచ్చటనా?

ఐర్లాండోడు ఏం చేసిండు?

ప్రపంచంలో ఇసొంటి కొట్లాట మనదొక్కటే కాదు. బ్రిటన్ యూరప్ యూనియన్ నుంచి బయటికి పోతనని 2016లో ఓటేసింది, 2020 జనవరి 31న పోయింది. పోయేటప్పుడు అన్నిటికంటె ఎక్కువ సతాయించింది ఏంది? ఐర్లాండ్ సరిహద్దు. ఉత్తర ఐర్లాండ్ బ్రిటన్‌లో ఉన్నది, మిగిలిన ఐర్లాండ్ యూరప్‌లో ఉన్నది. నడుమ దాదాపు అయిదు వందల కిలోమీటర్ల గీత. పొలాల నుంచి, ఊళ్ల నడుమ నుంచి పోతది. ఒక దిక్కు పిండిన పాలు ఇంకో దిక్కు డెయిరీకి పోతయి. ఆ గీత మీద ఒకప్పుడు సైన్యం చెక్‌పోస్టులుండె, తుపాకులు పేలె. 1998 ఒప్పందంతోని అవి పోయినయి.

లండన్‌లో ఎల్లిపోవాలని అరిచినోళ్లకు ఆ గీత యాదికే లేదు. కని గీత మీద ఉన్నోళ్లు ఊకోలేదు. మళ్ల గేటు పెడితే మళ్ల రక్తం కారుతదని మొత్తుకున్నరు. రెండు ప్రభుత్వాలు మూడు నాలుగేండ్లు తల పగులగొట్టుకొని, ఆఖరికి సరుకుల తనిఖీ సముద్రం మీదికి, రేవుల కాడికి మార్చుకున్నయి గాని పొలాల నడుమ గేటు పెట్టలేదు. దాని మీద గూడ లొల్లి అయింది, 2023లో మళ్ల సవరించుకున్నరు. అయినా ఆ పద్ధతి చూడుండ్రి. దేశాలకు దేశాలే విడిపోయినప్పుడు గీత మీద బతికేటోని గోస లెక్కలోకి వచ్చింది. ఒక్క దేశంలో రెండు రాష్ట్రాలం, ఒక్క భాష మాట్లాడేటోళ్లం, మనకెందుకు చేతగాదు?

పాలు పంచుకున్నంక గట్టు

మా ఊళ్లల్లో అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు ఏం చేస్తరు? పెద్దమనుషులు వస్తరు. ఇంట్లో కూసొని పంచరు. పొలం కాడికి పోతరు. ఇద్దర్ని గట్టు మీద నిలబెట్టి, బాయి ఎవలది, తొవ్వ ఎవలది, పశువులు యాడికెల్లి పోవాలె అని అన్ని తేల్చి అప్పుడు రాయి పాతుతరు. బాయి ఇద్దరిదయితే వంతులు పెడ్తరు. తొవ్వ మాత్రం ఎన్నడూ మూయరు. తొవ్వ మూసినోణ్ని ఊరు మెచ్చదు. తెలంగాణ, ఆంధ్రలను పంచినప్పుడు ఢిల్లీ పెద్దమనుషులు గట్టు కాడికి రాలేదు. ఆ తర్వాత వచ్చిన మన పెద్దమనుషులు గూడ రాలేదు.

అందుకే మేము అడుగుతున్నం.

ఒకటి. భద్రాచలం చుట్టున్న అయిదు ఊళ్లల్లో గ్రామసభలు పెట్టాలె. రెండు రాష్ట్రాల అధికారులు, పార్టీలు దూరం ఉండాలె. ఊళ్లోళ్లు ఇటు అంటే ఇటు, అటు అంటే అటు. వాళ్లు ఆంధ్రలోనే ఉంటమంటే మేము నోరు మూసుకుంటం. వస్తమంటే పార్లమెంటు మూడో అధికరణం కింద మళ్ల సవరించాలె. 2014లో నెలన్నరలో చేసిండ్రు గదా, ఇప్పుడు చేస్తే ఏం పోతది?

రెండు. కెరమెరి ఊళ్ల ముచ్చట ప్రకటనలతోని తెగదు. రెండు రాష్ట్రాలు కలిసి సర్వే చేయాలె, ఊళ్లోళ్లను అడుగాలె. అది తేలేదాంక ఒక్క రేషన్ కార్డు గూడ తీసేయొద్దు. ముందుగాల దున్నేటోనికి పట్టా ఇయ్యాలె. ఏ రాష్ట్రం పట్టా అయినా సరే, ఇంకో రాష్ట్రం దాన్ని ఒప్పుకోవాలె.

మూడు. రోగి బండి, చదువుకునే పిల్లలు, జాతరకు పోయేటోళ్లను ఏ సరిహద్దులో, ఏ కారణంతోని ఆపొద్దని రెండు రాష్ట్రాలు రాతకోతలు చేసుకోవాలె. మళ్ల మహమ్మారి వచ్చినా ఆ రాత నిలవాలె.

నాలుగు. సరిహద్దు నది మీద ఏ ఒప్పందం జరిగినా, రెండు ఒడ్డుల రైతులకు ఆ బల్ల కాడ కుర్చీ ఉండాలె. ఇంజనీరు లెక్కతోని పాటు చెలక మునిగేటోని లెక్క గూడ వినాలె.

ఇవి గొంతెమ్మ కోరికలు కావు. విడిపోయే హక్కు మనకుందని ముప్పై ఏండ్లు, నలభై ఏండ్లు వాదించినం. మమ్ముల అడుగకుండ 1956లో కలిపిండ్రు అన్నదే మన ఉద్యమానికి మొదటి మాట. అడుగకుండ కలుపుడు తప్పయితే, అడుగకుండ కోసుడు తప్పు కాదా? మనకొక న్యాయం, ఏటపాకోనికి ఒక న్యాయమా? మనకొక న్యాయం, పరందోళోనికి ఒక న్యాయమా? ఈ మాటకు జవాబు చెప్పకుండ తెలంగాణవాదినని ఎవడు జబ్బ చరిచినా మేము ఒప్పుకోం.

వేములవాడ చిన్న ఊరేం కాదు, వెయ్యేండ్ల రాజధాని. కన్నడ ఆదికవి పంప మా అరికేసరి కొలువులో ఉండె. ఆయన తమ్ముడు జినవల్లభుడు కురిక్యాల గుట్ట మీద చెక్కించిన శాసనంలో సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు పక్కపక్కన ఉన్నయి. ఆ రాజ్యం పోయింది. చాళుక్యులు పోయిండ్రు, కాకతీయులు పోయిండ్రు, నిజాం పోయిండు, ఉమ్మడి రాష్ట్రం పోయింది. ఎన్ని ఎల్లలు మారినా రాజన్న కాడికి వచ్చే తొవ్వ మూతపడలేదు. మూసే హక్కు ఎవనికీ లేదు.

రాజురా అవ్వ మళ్ల కోడె మొక్కుకు వస్తే, జిల్లానే నన్ను ఇడిసిపెట్టి పోయిందని మళ్ల అంటది. ఆమెకు 1956లో ఎవడూ జవాబు చెప్పలేదు. ఏటపాక పిల్లలకు, పరందోళి పిల్లలకు మనమన్న చెప్పాలె. లేకుంటే వాళ్లు గూడ ముసలోళ్లయి, ఏదో గుడి మెట్ల మీద కూసొని, రాష్ట్రమే మమ్ముల ఇడిసిపెట్టి పోయిందని అంటరు. అప్పుడు వినేటోళ్ల ముందట మనం తల యాడ పెట్టుకోవాలె?

జై తెలంగాణ!